‘జాగ్రత్తగా ఉండండి’ అన్న సర్క్యులర్‌తో ఆంప్యూల్ మారదు

చాలా వార్డుల్లో ఇంజెక్షన్ ట్రాలీ సొరుగు లాగితే 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంప్యూల్స్ వరసగా కనిపిస్తాయి. డిస్టిల్డ్ వాటర్, నార్మల్ సెలైన్, పొటాషియం క్లోరైడ్. మూడింటిలోనూ ఉన్నది చూడ్డానికి నీళ్లే. మూడింటి తలా ఒకేలా మెలితిప్పి తుంచాలి. లేబుల్ మీద అక్షరాలు చీమల బారులా ఉంటాయి. అర్ధరాత్రి దాటాక, ముప్పై మంచాల వార్డుని ఒక్కతే చూసుకుంటున్న సిస్టర్, 1 గ్రాము సెఫ్ట్రియాక్సోన్ పొడిని కలపడానికి 10 మి.లీ. నీళ్ల కోసం ఆ సొరుగులో చెయ్యి పెడుతుంది. చెయ్యి పక్క గడిలో పడిందనుకోండి. 15 శాతం పొటాషియం క్లోరైడ్ (కేసీఎల్) ఆంప్యూల్ ఒక్కదానిలో 1.5 గ్రాముల మందు, అంటే 20 మిల్లీ ఈక్వివలెంట్ల (ఎంఈక్యూ) పొటాషియం ఉంటుంది. దాన్ని రెండు మూడు నిమిషాల్లో నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది.

ఆ తర్వాత జరిగేది అందరికీ తెలిసిందే. విచారణ, మెమో, సస్పెన్షన్, ‘సిబ్బంది అప్రమత్తంగా ఉండవలెను’ అని ఒక సర్క్యులర్. ఆ కాగితం నోటీసు బోర్డు మీద పసుపు తిరిగేదాకా ఉంటుంది. ఆంప్యూల్ మాత్రం అదే సొరుగులో, అదే గడిలో ఉంటుంది. కొత్త సిస్టర్ డ్యూటీకి వస్తుంది.

ఇది మన దగ్గరి సమస్యే కాదు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 1998 ఫిబ్రవరిలో తన మొట్టమొదటి ప్రమాద హెచ్చరికను గాఢ పొటాషియం క్లోరైడ్ మీదే విడుదల చేసింది. నాలుగేళ్ల తర్వాత, 2002 జూలైలో, బ్రిటన్ పేషెంట్ సేఫ్టీ ఏజెన్సీ మొదటి హెచ్చరిక కూడా దాని మీదే. రెండూ చెప్పిన ప్రధాన పరిష్కారం ఒకటే: గాఢ పొటాషియాన్ని మామూలు వార్డు స్టాక్‌లోంచి తీసేయండి. ‘జాగ్రత్తగా చూసి తీయండి’ అని కాదు, అక్కడ ఉంచకండి అని.

పని ఇక్కడే మొదలవుతుంది. వార్డుకి మందులు తెప్పించుకునే ఇండెంట్ ఫారంలోంచి కేసీఎల్ లైను కొట్టేయాలి. ఐసీయూ, అత్యవసర విభాగం లాంటి ఒకటి రెండు చోట్లే, తాళం వేసిన విడి పెట్టెలో, ఎర్ర స్టిక్కర్ మీద ‘కలపకుండా ఇవ్వరాదు’ అని పెద్దక్షరాలతో రాసి పెట్టాలి. వార్డులో ఎవరికైనా కావాలంటే డాక్టర్ ఆర్డర్ చూపించి, ఆ పేషెంట్ పేరు మీద, ఆ ఒక్క డోసుకి సరిపడా ఫార్మసీ నుంచి తెచ్చుకోవాలి. ‘ఎమర్జెన్సీ అయితే ఎట్లా?’ అని వెంటనే అడుగుతారు. పొటాషియం తక్కువైన పేషెంట్‌కి అరగంట ఆలస్యమైతే చాలాసార్లు కొంప మునగదు. పొరపాటున ఎక్కితే మాత్రం వెనక్కి తీసే దారి ఉండదు.

కలపడంలోనూ మెలికలున్నాయి. వేలాడుతున్న సెలైన్ బాటిల్‌లోకి కింది నుంచి సూది గుచ్చి కేసీఎల్ తోస్తే, అది నీటి కన్నా బరువు కాబట్టి అడుగున, సరిగ్గా సెట్ గుచ్చిన చోట, పేరుకుంటుంది. మొదటి కొన్ని మిల్లీ లీటర్లలోనే గాఢమైన మందు నరంలోకి పోతుంది. కాబట్టి బాటిల్‌ని స్టాండు మీంచి దింపి, మందు కలిపి, కనీసం పదిసార్లు తలకిందులు చేసి, లేబుల్ అంటించాకే వేలాడదీయాలి. లేబుల్ మీద ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు కలిపారు, ఎవరు కలిపారు అన్నీ ఉండాలి.

లెక్క ఇలా వేయాలి. 500 మి.లీ. నార్మల్ సెలైన్‌లో ఒక ఆంప్యూల్ కలిపితే లీటరుకు 40 ఎంఈక్యూ గాఢత. చేతి నరం ద్వారా ఇచ్చేటప్పుడు సాధారణంగా పెట్టుకునే హద్దు అదే. వార్డులో గంటకు 10 ఎంఈక్యూ దాటకూడదు. అంతకన్నా వేగం కావాలంటే మానిటర్ ఉన్న చోటికి మార్చాలి. ఆ బాటిల్ నాలుగు గంటల్లో పోవాలంటే గంటకు 125 మి.లీ.; మి.లీ.కి 20 చుక్కలు పడే సెట్ అయితే నిమిషానికి సుమారు 42 చుక్కలు. మొదలుపెట్టే ముందు మూత్రం వస్తోందో లేదో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో చూడాలి.

ఇంతా చేశాక కూడా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. మంచం పక్కన కూర్చున్న పేషెంట్ తాలూకు వాళ్లు ‘సెలైన్ మరీ నిదానంగా ఎక్కుతోంది’ అని రోలర్‌ని పైకి జరుపుతారు. వాళ్ల దృష్టిలో అది బలం, తొందరగా ఎక్కితే తొందరగా కోలుకుంటారు. అందుకే పొటాషియం ఉన్న బాటిల్‌ని ఇన్ఫ్యూజన్ పంపు మీదే పెట్టాలి. పంపు లేకపోతే కనీసం ‘ఈ చక్రం ముట్టుకోవద్దు’ అని తెలుగులో రాసి రోలర్ దగ్గరే చీటీ కట్టాలి. వార్డు గోడ మీద బోర్డు పెడితే ఎవరూ చదవరు, చెయ్యి పడే చోట ఉంటేనే కనపడుతుంది.

ఇంకోటి, ఐసోలైట్-ఎం. ఆ ద్రవంలో ముందే లీటరుకు 35 ఎంఈక్యూ పొటాషియం ఉంటుంది. దాన్ని మామూలు సెలైన్ అనుకుని, అర లీటరు బాటిల్‌లో ఇంకో ఆంప్యూల్ కేసీఎల్ కలిపేస్తారు. 17.5కి 20 చేరి 37.5 అవుతుంది, అంటే లీటరుకు 75.

వెన్నులోకి వెళ్లకూడనిది

మన రెండు రాష్ట్రాల్లో సిజేరియన్లు ఎన్ని జరుగుతాయో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. అంత శాతం అవసరమా కాదా అన్నది వేరే గొడవ. ఇక్కడ విషయం ఏమిటంటే, వీటిలో అత్యధికం వెన్నులో మత్తు ఇచ్చి చేసేవే. మత్తు కోసం వాడేది 4 మి.లీ. హెవీ బ్యూపివకైన్ గాజు ఆంప్యూల్. అదే గదిలో, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి వాడే ట్రానెక్సమిక్ యాసిడ్ 5 మి.లీ., 500 మి.గ్రా. గాజు ఆంప్యూల్. రెండూ రంగులేని ద్రవాలు, రెండూ దాదాపు ఒకే సైజు. 2017లో ఆ మందు మీద జరిగిన వోమన్ ట్రయల్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును ప్రసవానంతర రక్తస్రావానికి గట్టిగా సిఫారసు చేయడంతో అది ప్రతి లేబర్ రూములోకీ, థియేటర్‌లోకీ చేరింది. చేరడం మంచిదే. ప్రాణాలు కాపాడే మందు. చేరిన చోటే తప్పు.

ట్రానెక్సమిక్ యాసిడ్ వెన్నులోకి వెళ్తే కాళ్లు మొద్దుబారవు. బదులుగా నిమిషాల్లో నడుము, పిరుదులు, కాళ్లలో భరించలేని నొప్పి, కండరాలు ఎగిరిపడటం, ఫిట్స్, ఆపైన గుండె లయ తప్పడం. వైద్య పత్రికల్లో నమోదైన కేసుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది.

దీనికి మందు కూడా స్థలం మార్చడమే. ట్రానెక్సమిక్ యాసిడ్‌ని అనస్థీషియా ట్రాలీ మీద ఉంచకూడదు. రక్తస్రావం కిట్‌లో, ఆక్సిటోసిన్, మిసోప్రోస్టాల్‌ల పక్కన, గదికి అవతలి వైపు ఉండాలి. స్పైనల్ ట్రే మీద స్పైనల్ మందు తప్ప ఇంకే ఆంప్యూలూ ఉండరాదు. ఆంప్యూల్‌ని నిలువుగా గుచ్చిపెడితే పైనుంచి తల మాత్రమే కనపడుతుంది, లేబుల్ కనపడదు. కాబట్టి పడుకోబెట్టి, పేరు పైకి ఉండేలా పెట్టాలి. కొనుగోలు విభాగం తక్కువ రేటుకు వచ్చిందని కంపెనీ మార్చినప్పుడల్లా కొత్త ఆంప్యూల్‌ని పాతవాటి పక్కన పెట్టి చూసి, ఏదానితోనైనా పోలిక ఉంటే థియేటర్‌లోకి రానివ్వకూడదు. ఈ చివరి అడుగు దాదాపు ఎక్కడా జరగదు. టెండర్ ఫైలులో ‘రూపం’ అని ఒక గడి ఉండదు మరి.

మనిషి జాగ్రత్త మీద ఆధారపడకుండా వస్తువే తప్పును ఆపేసే ఏర్పాటు థియేటర్‌లోనే ఒకటి ఉంది. మత్తు ఇచ్చే బాయిల్స్ మెషీన్‌కి బిగించే సిలిండర్‌కి పిన్ ఇండెక్స్ ఉంటుంది: మెషీన్ మీది పిన్నులు సిలిండర్ రంధ్రాల్లో సరిగ్గా పడాలి. ఆక్సిజన్‌కి 2, 5 స్థానాల్లో రంధ్రాలు, నైట్రస్ ఆక్సైడ్‌కి 3, 5 స్థానాల్లో. ఒకదాని చోట ఇంకోటి కూర్చోదు. ఎంత నిద్రమత్తులో ఉన్నా, ఎంత కొత్తవాడైనా కూర్చోబెట్టలేడు. దీన్ని కూడా ఓడించే ఘనులున్నారు. పిన్ను విరిగితే అలాగే వదిలేయడం, రెండు వాషర్లు వేసి బలవంతంగా బిగించడం. పిన్ను విరిగిన యోక్‌ని (సిలిండర్ బిగించే పట్టీని) ఆ రోజే పక్కన పెట్టేయాలి. గోడలో పైపు లైను మరమ్మతు జరిగాక ప్రతి ఔట్‌లెట్‌నీ ఆక్సిజన్ ఎనలైజర్‌తో చూడకుండా పేషెంట్‌ని పడుకోబెట్టకూడదు. పైపు అవతలి చివర తప్పుగా కలిపితే ఇవతల పిన్నులు ఏమీ చేయలేవు.

ఇన్సులిన్: అమెరికా సిరంజి, ఇండియా సీసా

మన దేశంలో ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ భాగం మి.లీ.కి 40 యూనిట్లవి. పెన్నుల్లో కార్ట్రిడ్జులు మి.లీ.కి 100 యూనిట్లవి. 40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. రెండూ మందుల షాపులో పక్కపక్కనే దొరుకుతాయి.

40 సీసాలోంచి 100 సిరంజితో ‘20’ గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ. అందులో 8 యూనిట్లే ఉంటాయి. తిరగేసి, 100 మందుని ఎర్ర మూత సిరంజితో ‘20’ గీత దాకా లాగితే అర మి.లీ., 50 యూనిట్లు. మొదటి తప్పులో షుగరు దిగదు, రెండో దానిలో మనిషి దిగిపోతాడు.

మొదటి తప్పు ప్రమాదం లేనిదిలా కనిపిస్తుంది గానీ అసలు ఉచ్చు దానిలోనే ఉంది. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో వస్తూ వస్తూ ‘ఇక్కడి సూదులు సన్నగా ఉంటాయి, నొప్పి ఉండదు’ అని డబ్బాడు సిరంజీలు తెస్తారు. అక్కడివి 100 యూనిట్ల సిరంజీలు. ఇంట్లో ఉన్నది 40 సీసా. అమ్మ రోజూ 20 గీత దాకా లాగి 8 యూనిట్లు వేసుకుంటుంది. షుగరు 300 దిగదు. డాక్టరు చూసి 20ని 30 చేస్తారు, ఆపైన 40. ఆమెకి నిజంగా ఎక్కుతున్నది 16. ఆర్నెల్లకి ఆ డబ్బా అయిపోతుంది. వీధి చివరి షాపులో ఎర్ర మూత సిరంజి కొంటారు. అదే 40 గీత, ఈసారి నిజంగా 40 యూనిట్లు. తెల్లారుజామున చెమటలు, మాట తడబడటం, స్పృహ తప్పడం. ఆసుపత్రిలో ‘ఇన్సులిన్ మోతాదు మార్చలేదండీ’ అని ఇంట్లోవాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

కాబట్టి షుగరు దిగని ఇన్సులిన్ పేషెంట్‌కి మోతాదు పెంచే ముందు అడగాల్సింది ఒకటే: ‘సీసా, సిరంజి రెండూ తీసుకురండమ్మా, నా ఎదుట లాగి చూపించండి.’ చీటీ మీద ‘ఇన్సులిన్ 20’ అని కాకుండా, ‘40 సీసా, ఎర్ర మూత సిరంజి, 20 యూనిట్లు’ అని రాయాలి. యూనిట్లు అన్న మాట పూర్తిగా రాయాలి. ఇంగ్లిష్ యూ అక్షరం ఒక్కటి పెడితే, చేతిరాతలో అది సున్నాలా కనపడి 10 కాస్తా 100 అవుతుంది.

ఐసీయూలో ఇదే లెక్క మరో వేషంలో వస్తుంది. 50 మి.లీ. సెలైన్‌లో 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్ కలిపితే మి.లీ.కి ఒక యూనిట్. 40 సీసాలోంచి 50 యూనిట్లంటే 1.25 మి.లీ. ‘అర మి.లీ. తీయాలి’ అని విదేశీ పుస్తకంలో ఉన్నది గుర్తుపెట్టుకున్నవాళ్లు 20 యూనిట్లే కలుపుతారు. సరిగ్గా కలిపినా, మొదట ఇన్సులిన్ ట్యూబు గోడలకు అంటుకుంటుంది కాబట్టి 20 మి.లీ. దాకా పారబోశాకే పేషెంట్‌కి తగిలించాలి. పెన్ను కార్ట్రిడ్జులోకి సిరంజి గుచ్చి మందు తీయడం ఎప్పుడూ వద్దు.

సాధారణ వార్డుల్లో అయితే తప్పు ఎక్కువగా అన్నం ప్లేటు దగ్గర జరుగుతుంది. ఎనిమిదింటికి ఇన్సులిన్ వేస్తారు, టిఫిన్ బండి తొమ్మిదింపావుకి వస్తుంది. లేదా స్కానింగ్‌కి పరగడుపున ఉంచిన పేషెంట్‌కి డ్రగ్ చార్ట్‌లో ఉంది కదా అని వేసేస్తారు. ప్లేటు మంచం మీదికి వచ్చాకే సూది అన్న నియమం ఒక్కటి పెట్టి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.

హెపారిన్ గురించి కొద్దిగా. 5 మి.లీ. సీసాలు రెండు రకాలు. ఒకటి మి.లీ.కి 1,000 యూనిట్లు, అంటే సీసా మొత్తానికి 5,000. ఇంకోటి మి.లీ.కి 5,000, మొత్తానికి 25,000. చూశారా, 5000 అన్న అంకె రెండిటి మీదా ఉంటుంది. ఆర్డర్ 5,000 యూనిట్లు అయితే మొదటిదైతే సీసా అంతా, రెండోదైతే ఒక్క మి.లీ. మార్పిడి జరిగితే అయిదు రెట్లు. ఆసుపత్రిలో ఏదో ఒక్క బలమే ఉంచండి. ఇంకేమీ అవసరం లేదు.

పిల్లల మందు

జ్వరం మందు పారాసెటమాల్ మూడు సీసాల్లో దొరుకుతుంది. మి.లీ.కి 100 మి.గ్రా. ఉండే డ్రాప్స్, 5 మి.లీ.కి 125 మి.గ్రా. సిరప్, 5 మి.లీ.కి 250 మి.గ్రా. సిరప్. పది కిలోల పిల్లాడికి కిలోకు 15 చొప్పున 150 మి.గ్రా. కావాలి. డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ., మొదటి సిరప్ అయితే 6, రెండోది అయితే 3. ఇప్పుడు డాక్టర్ ‘6 మి.లీ. పొయ్యండి’ అన్నారు, ఇంట్లో ఉన్నది పాత డ్రాప్స్ సీసా. పిల్లాడికి 600 మి.గ్రా. పోతుంది. నాలుగు రెట్లు. రోజుకు నాలుగుసార్లు, మూడు రోజులు పోస్తే లివర్ మాట ఆలోచించాల్సి వస్తుంది. పైగా, జలుబు మందులో కూడా పారాసెటమాలే ఉండొచ్చు.

అందుకే పిల్లల చీటీలో మి.లీ.తో పాటు మి.గ్రా., సీసా బలం, ఆ రోజు తూచిన బరువు ఉండాలి. ‘ఒక చెంచా’ అన్న మాట చీటీలో ఉండకూడదు. మన ఇళ్లల్లో కాఫీ చెంచా వేరు, కూర చెంచా వేరు. వార్డులో నోటి మందుని ఇంజెక్షన్ సిరంజిలో తీయకూడదు, ఎందుకంటే ఆ సిరంజి నరంలో పెట్టిన కాన్యులాకి ఇట్టే బిగిసిపోతుంది. నోటి సిరంజి కాన్యులాకి పట్టదు. ఇది కూడా పిన్ ఇండెక్స్ లాంటిదే.

‘వెంకటేశ్వర్లేనా?’ ‘ఆఁ’

మన వైపు పేషెంట్‌ని పోల్చుకోవడంలో ఒక చిక్కుంది. పేర్లు తక్కువ, మనుషులు ఎక్కువ. వెంకటేశ్వర్లు, లక్ష్మి, నాగమణి, శ్రీనివాసరావు ఒకే వార్డులో ఇద్దరేసి ఉండటం మామూలు. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఆరోగ్యశ్రీ కార్డులో వెనక, ల్యాబ్ రిపోర్టులో అసలే ఉండదు. దానికి తోడు, తెల్లకోటు వేసుకున్నవాళ్లు ఏమడిగినా పెద్దవాళ్లు మర్యాదకి ‘ఆఁ’ అంటారు. ‘వెంకటేశ్వర్లేనా?’ అంటే ‘ఆఁ’. వినపడకపోయినా ‘ఆఁ’.

అడగాల్సింది ‘మీ పేరేంటండీ? ఏ ఊరు?’ అని. పేరు వాళ్ల నోటి నుంచే రావాలి. దాన్ని చేతికున్న బ్యాండ్‌తోనూ, ఐపీ నంబరుతోనూ చూసుకోవాలి. మంచం నంబరు గుర్తింపు కాదు. ‘బెడ్ 12కి ఇంజెక్షన్’ అన్న మాట వార్డులో నోట్లోంచి రాకుండా మానిపించడం అన్నిటికన్నా కష్టమైన పని, ఎందుకంటే అది అలవాటు. 12లో ఉన్నాయన సాయంత్రం 9కి మారుతాడు. కాన్యులా పెట్టేటప్పుడు బ్యాండ్ కత్తిరించి పారేస్తే అక్కడికక్కడే కొత్తది కట్టాలి.

రక్తం ఎక్కించేటప్పుడు ఇది ప్రాణాంతకం. గ్రూపు సరిపడక జరిగే మరణాల వెనక ఎక్కువగా ఉండేది ల్యాబ్ పరీక్ష తప్పు కాదు, పేరు తప్పు. నాలుగు ట్యూబులకి డెస్క్ దగ్గర ముందే లేబుల్ అంటించి, జేబులో వేసుకుని వెళ్లి రక్తం తీయడం దీనికి మూలం. రక్తం తీసేదీ మంచం దగ్గరే, లేబుల్ రాసేదీ మంచం దగ్గరే, ఆ పేషెంట్‌ని వదిలి అడుగు కదలకముందే. యూనిట్ బ్లడ్ బ్యాంకు నుంచి బయటికొచ్చిన 30 నిమిషాల్లో మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో పూర్తి చేయాలి. మొదటి 15 నిమిషాలు సిస్టర్ అక్కడే ఉండాలి. వణుకు, నడుము నొప్పి, ఆయాసం, ఎర్రటి మూత్రం ఏది కనిపించినా ముందు ఆపేయాలి, ఆ తర్వాత ఫోన్ చేయాలి. ఫోన్ చేసి డాక్టర్ వచ్చేదాకా చుక్కలు పోనిస్తూ ఉండటం మనం చూసే తప్పు.

మందుల పేర్ల సంగతికొస్తే, మన సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఉంది. మెదడుకు సోకే మలేరియాకి వాడే రెండు మందులు, ఫాల్సిగో, ఫాల్సిటాబ్. 2001లో క్యాడిలా కంపెనీల మధ్య వచ్చిన ఆ తీర్పులో కోర్టు, మందుల పేర్ల పోలికను మిగతా సరుకుల కన్నా కఠినంగా చూడాలంది. అయినా షాపులో అలమర తెరిస్తే ఒక్క అక్షరం తేడాతో పేర్లు కనిపిస్తూనే ఉంటాయి. బ్రాండ్లు వదిలేసినా, మూర్ఛకిచ్చే కార్బమజపైన్, థైరాయిడ్‌కిచ్చే కార్బిమజోల్ చూడండి. చేతిరాతలో తేడా దొరకదు. 2016లో మెడికల్ కౌన్సిల్, చీటీలో జెనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని నిబంధన సవరించింది. పెద్దక్షరాలతో పాటు ఏ జబ్బుకో రెండు మాటలు రాస్తే ఇంకా మేలు. ‘మూర్ఛకి’ అని ఉంటే ఫార్మసిస్ట్ థైరాయిడ్ మందు ఇవ్వడు.

మెథోట్రెక్సేట్‌కి ప్రత్యేకంగా ఒక లైను. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారి వేసుకోవాల్సిన ఈ మందుని రోజూ వేసుకుంటే వారం పది రోజుల్లో నోట్లో పుండ్లు, రక్త కణాలు పడిపోవడం. చీటీలో ‘వారానికొకసారి’ అని ఊరుకోకుండా ‘బుధవారం మాత్రమే’ అని వారం పేరు రాయాలి. పక్కన ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చిన్న పసుపు మాత్రే కావడం మామూలు కాబట్టి రెండూ ఒకే కవరులో వేసివ్వకూడదు.

ఫోన్‌లో చెప్పే ఆర్డర్లు ఇంకో గండం. ఇంగ్లిష్‌లో పదిహేనుకీ యాభైకీ ఫోన్‌లో తేడా వినపడదు. అంకెల్ని విడదీసి ‘ఒకటి, అయిదు’ అని చెప్పించుకుని, రాసుకుని, తిరిగి చదివి వినిపించాలి. తిరిగి చదువుతుంటే ‘తెలుసులే అమ్మా, ఇచ్చెయ్’ అని విసుక్కునే డాక్టర్లున్నారు. ఆ విసుగు కూడా ప్రమాద కారణాల జాబితాలో రాయాల్సిందే.

డబుల్ చెక్ అనేది చాలాచోట్ల రెండో సంతకంగా మిగిలింది. మొదటి సిస్టర్ ‘రెండున్నర మి.లీ. కదా?’ అంటుంది, రెండో ఆమె ‘అవును’ అని సంతకం పెడుతుంది. ఆ పద్ధతిలో తప్పు కూడా రెండుసార్లు చెక్ అవుతుంది. రెండో మనిషికి జవాబు చెప్పకుండా ఆర్డరు, సీసా మాత్రమే ఇచ్చి, విడిగా లెక్క వేయించాలి. రెండు జవాబులూ కలిస్తేనే ముందుకు. దీన్ని అన్ని మందులకీ పెడితే నాలుగు రోజుల్లో మళ్లీ సంతకమే అవుతుంది. ఇన్సులిన్ డ్రిప్, హెపారిన్, పొటాషియం, మార్ఫిన్ జాతి మందులు, కీమో, పసిపిల్లల లెక్కలు, రక్తం. ఇవి చాలు.

చెప్పుకునే చోటు

ఆసుపత్రిలో పొరపాట్ల రిజిస్టర్ ఖాళీగా ఉంటే అక్కడ పొరపాట్లు లేవని కాదు, చెప్పినవాళ్లకి మెమో వచ్చిందని. మొదలుపెట్టాల్సింది ఎవరికీ హాని జరగని ‘తప్పిపోయిన’ తప్పులతో. సిరంజిలోకి లాగాక చూసుకుని పారేసినవి, ఫార్మసీ కిటికీ దగ్గర దొరికినవి. వీటిలో పేషెంట్ తాలూకు వాళ్ల గొడవ లేదు, పోలీసు భయం లేదు. ఫారం అరపేజీ దాటకూడదు: ఏ మందు, ఏ దశలో (రాయడం, ఇవ్వడం, కలపడం, వేయడం), ఎన్ని గంటలకు, పక్కన ఏముంది. పేరు అక్కర్లేదు. ‘పక్కన ఏముంది’ అన్న గడే అసలు సమాచారం. నెలకోసారి ఫార్మసిస్ట్, నర్సింగ్ సూపరింటెండెంట్, ఒక డాక్టర్ కూర్చుని ఒక్క వస్తువునైనా కదిలించాలి: ఒక సొరుగు, ఒక లేబుల్, ఒక ఇండెంట్ లైను. మినిట్స్‌లో ‘సిబ్బందికి అవగాహన కల్పించాలి’ అని మాత్రమే ఉంటే ఆ మీటింగ్ జరగనట్టే. మొదటి మూడు నెలల్లో రిపోర్టుల సంఖ్య పెరుగుతుంది. యాజమాన్యం కంగారు పడకుండా ముందే చెప్పి పెట్టుకోవాలి.

మందు సరిగ్గానే ఇచ్చినా వికటించిన కేసుల్ని 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి పంపొచ్చు. గజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. టోల్‌ఫ్రీ నంబరు 1800 180 3024. మామూలు జనం కూడా ఫోన్ చేయొచ్చు, వాళ్ల కోసం తెలుగు ఫారం కూడా ఉంది.

డిశ్చార్జి రోజు హడావుడిలో జరిగే తప్పు ఇంటికెళ్లాక బయటపడుతుంది. బీపీకి ఇంతకుముందే ఒక బ్రాండు టెల్మిసార్టన్ వాడుతున్నాయనకి ఆసుపత్రిలో ఇంకో బ్రాండు టెల్మిసార్టన్ రాసిస్తారు. పేర్లు వేరు, మందు ఒకటే. ఆయన రెండూ వేసుకుంటాడు. లేచి నిలబడితే కళ్లు తిరిగి బాత్రూములో పడతాడు. అడ్మిషన్ రోజే ‘ఇంట్లో వాడే మందులన్నీ సంచిలో వేసి తెండి’ అని చెప్పి, ప్రతి స్ట్రిప్పు వెనక జెనరిక్ పేరు చూసి రాసుకోవాలి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలు, ఆయుర్వేదం మాత్రలు కూడా. డిశ్చార్జి సమ్మరీలో మూడు గడులు: కొనసాగించేవి, కొత్తవి, ఆపేసినవి. మూడోది దాదాపు ఎవరూ రాయరు. చదువు రానివాళ్లకి పొద్దుకి సూర్యుడు, రాత్రికి చందమామ బొమ్మ వేసివ్వాలి. ఆపేసిన మందు స్ట్రిప్పు ఆ సంచిలోనే ఉంటే, వాళ్లెదుటే బయటికి తీసి, నల్ల మార్కర్‌తో నిలువునా అడ్డగీత కొట్టి, ‘ఇది ఎందుకు వద్దో చెప్పండి చూద్దాం’ అని వాళ్ల చేత చెప్పించుకుని పంపాలి.